రొయ్యల గుంటల యాప్‌లో కదలికలు: ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక చిన్న బృందంగా మేము రొయ్యల సాగుదారుల కోసం ఫోను యాప్ తయారు చేస్తున్నాము. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు వనామీ (ఒక రకం రొయ్య) గుంటలు వేసినవారు దీన్ని వాడతారని మా ఆశ. మేత లెక్కలు రాసుకోవడం, చెక్ ట్రేలో (మేత ఎంత మిగిలిందో చూసే పళ్ళెంలో) మిగిలినదాన్ని బట్టి తరువాతి పూట మోతాదు సరిచూసుకోవడం, నీటిలోని ప్రాణవాయువు రీడింగులు గమనించడం, గట్టు మీది మొబైల్ స్టార్టర్ ద్వారా ఏరేటర్లను (నీటిలో గాలి కలిపే మోటారు చక్రాలను) ఇంటి నుంచే నడపడం ఇందులోని ముఖ్యమైన పనులు. యాప్‌ను ఫ్లట్టర్ అనే యాప్‌లు రాసే సాధనంలో రాస్తున్నాము. తెరలన్నీ ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసి పెట్టుకున్నాము.

కదలికల (యానిమేషన్ల) దగ్గరికి వచ్చేసరికి ఎటు వెళ్ళాలో తేలడం లేదు. ఒకరు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నేర్చుకోమంటున్నారు, ఇంకొకరు రైవ్ తప్ప వేరే దారి లేదంటున్నారు, ఇవి కాక ప్రోటోపై, ప్రిన్సిపుల్, జిట్టర్ అని మరికొన్ని పేర్లు వినిపిస్తున్నాయి. మా డిజైనర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ట్రయల్‌లో ఏరేటర్ చక్రం తిరుగుతూ నీళ్ళు చిమ్మే దృశ్యాన్ని చాలా అందంగా చేసి వీడియోగా ఇచ్చారు. దాన్ని యాప్‌లోకి ఎలా తీసుకురావాలని ప్రోగ్రామర్లు అడిగితే మా దగ్గర జవాబు లేదు. మావన్నీ 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు. సాగుదారుల చేతుల్లో ఉండేవి ఎక్కువగా తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లు.

డబ్బు, సమయం ముందుగా దేని మీద పెట్టాలో అనుభవమున్నవారు చెప్పగలరని కోరుతున్నాను. ముఖ్యంగా ఏరేటర్ బటన్ సంగతి వివరించండి. దాన్ని నొక్కిన తరువాత ఆదేశం సిమ్ ద్వారా స్టార్టర్‌కు చేరి, మోటారు తిరిగినట్టు కబురు వెనక్కి రావడానికి కొన్ని సెకన్లు పడుతోంది. ఆ సెకన్లలో తెర మీద ఏమి కదలాలి, దాన్ని దేనితో చేయాలి?

జవాబు (ఒంగోలు నుంచి)

నమస్కారమండీ. నేను ఒంగోలులో ఉంటూ ఆండ్రాయిడ్, ఫ్లట్టర్ పనులు చేస్తుంటాను. సాఫ్ట్‌వేర్ల పేర్లను కాసేపు పక్కన పెట్టి, మీ కదలిక చివరికి ఎక్కడ ఆడుతుందో అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. మీ విషయంలో అది తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో, ఫ్లట్టర్ లోపల ఆడాలి. అందువల్ల ఫ్లట్టర్ నేరుగా చదవగలిగే రూపంలో ఫలితం ఇవ్వని సాధనం ఎంత గొప్పదైనా, దానిలో చేసిన పని మార్కాపురం పలక మీద బొమ్మ గీసి చూపించినట్టే ఉంటుంది. ఆలోచన అందరికీ అర్థమవుతుంది గాని, ఆ పలకను ఫోనులో పెట్టలేము.

మీ డిజైనర్ ఇచ్చిన వీడియోకు జరిగింది అదే. మామూలు ఎంపీ4 వీడియోలో వెనుక భాగం పారదర్శకంగా ఉండదు, ఫైలు బరువు ఎక్కువ, మధ్యలో ఆపి వేరే స్థితికి మళ్ళించడం కష్టం, అన్నిటికంటే ముఖ్యంగా ఏ వస్తువు ఎంతసేపట్లో ఏ వేగంతో కదిలిందన్న లెక్క ప్రోగ్రామర్‌కు దానిలో దొరకదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన పనిని యాప్‌లోకి తేవడానికి ఎక్కువమంది వాడే దారి లాటీ. బాడీమూవిన్ అనే ప్లగిన్ ఆ కంపోజిషన్‌ను (తయారైన దృశ్యాన్ని) జేసన్ అనే అక్షరరూప ఫైలుగా మారుస్తుంది, దాన్ని ఫోనులో ఆడించే లైబ్రరీలను ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసింది. ఫ్లట్టర్‌కు పూర్తిగా దాని సొంత భాష డార్ట్‌లోనే రాసిన లాటీ ప్యాకేజీ ఉంది. అయితే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కనిపించినదంతా లాటీలోకి రాదు. షేప్ లేయర్లు, వాటి స్థానం, పరిమాణం, భ్రమణం, పారదర్శకత బాగా వస్తాయి. పార్టికల్ ఎఫెక్టులు (చిన్న చుక్కలు గుంపుగా చిమ్మే దృశ్యాలు) రావు, ఎక్స్‌ప్రెషన్లను (కదలికను నడిపే చిన్న కోడు ముక్కలను) ఆండ్రాయిడ్ ప్లేయర్ అమలు చేయదు, మాస్కులు, మ్యాట్‌లు (బొమ్మలో కొంత భాగాన్ని దాచే పొరలు) ఎక్కువైతే ఆండ్రాయిడ్‌లో వేగం బాగా తగ్గుతుంది. మీవాళ్ళు చిమ్మించిన నీళ్ళు పార్టికల్స్‌తో చేసినవైతే, వాటిని షేపులతో మళ్ళీ గీయక తప్పదు.

ఇక ఏరేటర్ బటన్. ఇది మీ యాప్‌కు ఆయువుపట్టు, అందుకని దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఈ బటన్‌కు ఆన్, ఆఫ్ అని రెండే స్థితులు ఉన్నాయనుకుంటే డిజైన్ మొదట్లోనే దారి తప్పుతుంది. మోటారు ఆగి ఉండడం, ఆదేశం వెళ్ళి జవాబు కోసం ఎదురుచూడడం, మోటారు నిజంగా తిరుగుతుండడం, జవాబు రాకపోవడం, కరెంటు లేదా ఒక ఫేజు పోవడం అనేవి ఐదు వేరువేరు స్థితులు. ఒక స్థితి నుంచి మరొకదానికి వెళ్ళే దారి ప్రతిసారీ ఒకటి కాదు. ఎదురుచూస్తున్నప్పుడు కరెంటు పోవచ్చు, తిరుగుతున్నప్పుడు సిగ్నల్ పోవచ్చు, జవాబు ఆలస్యమై సాగుదారు మళ్ళీ నొక్కవచ్చు. లాటీ ప్రధానంగా ఒక టైమ్‌లైన్. మార్కర్లు పెట్టి ముక్కలు ముక్కలుగా ఆడించవచ్చు గాని, ఒక ముక్క మధ్యలో ఉండగా వేరొక ముక్కకు దూకినప్పుడు బొమ్మ గతుక్కుమంటుంది. రైవ్‌లో స్టేట్ మెషిన్ అనే ఏర్పాటు ఉంది. స్థితులను, వాటి మధ్య దారులను డిజైనరే అక్కడ గీస్తారు, ప్రోగ్రామర్ బయటి నుంచి 'జవాబు వచ్చింది', 'ఫేజు పోయింది' అన్న విలువలను అందిస్తే చాలు, ఒక కదలిక నుంచి మరొకదానిలోకి మెల్లగా కలిసిపోయే పనిని రైవ్ రన్‌టైమ్ (ఆ ఫైలును ఫోనులో ఆడించే భాగం) చూసుకుంటుంది. ఫ్లట్టర్‌కు ఆ రన్‌టైమ్ అధికారికంగానే ఉంది. ఈ ఒక్క బటన్ కోసమైనా మీ డిజైనర్ రైవ్ నేర్చుకోవడం దండగ కాదని నా అభిప్రాయం.

ఎదురుచూసే సెకన్ల విషయంలో వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో రాసిన కొలతలు ఇప్పటికీ పనికివస్తున్నాయి. 0.1 సెకను లోపల స్పందన కనిపిస్తే తన వేలితోనే జరిగిందని మనిషికి అనిపిస్తుంది, 1 సెకను వరకు ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే దృష్టి వేరేవైపు పోతుంది. కాబట్టి వేలు తగిలిన వెంటనే బటన్ కొద్దిగా నొక్కుకుపోవాలి. అది ఆదేశం అందుకున్నట్టు చెప్పడమే, మోటారు తిరిగినట్టు చెప్పడం కాదు. చక్రం తిరగడం మాత్రం గట్టు మీది నుంచి కబురు వచ్చాకే మొదలవ్వాలి. 10 సెకన్లలో కబురు రాకపోతే ఎదురుచూపు గుర్తును ఆపేసి, జవాబు రాలేదన్న మాటను స్పష్టంగా చూపించండి.

మిగిలిన తెరలకు ఏ సాఫ్ట్‌వేరూ కొనవలసిన పని లేదు. కార్డు విచ్చుకోవడం, అంకె మారడం, జాబితాలోని గుంటను నొక్కితే దాని పూర్తి వివరాల తెరగా పెరగడం వంటివాటికి ఫ్లట్టర్‌లోనే యానిమేటెడ్ కంటైనర్, యానిమేటెడ్ స్విచర్, హీరో వంటి విడ్జెట్లు (తెరను కట్టే సిద్ధ భాగాలు) ఉన్నాయి. మధ్యలో గమ్యం మారినా అవి ఉన్నచోటి నుంచే కొత్త గమ్యానికి వెళతాయి కాబట్టి చూడడానికి సహజంగా ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఏ కదలికనూ డీబగ్ మోడ్‌లో (కోడు రాస్తూ తప్పులు వెతికే పద్ధతిలో) చూసి బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పవద్దు. అసలు ఫోనులో, ప్రొఫైల్ మోడ్‌లో (వేగం కొలిచే పద్ధతిలో) నడిపి, పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే అనే, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని తెర మీదే చూపే గ్రాఫులు చూడండి. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీది నకలు ఫోనులో) ప్రొఫైల్ మోడ్ అసలు నడవదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, ఆ గడువు దాటిన ఫ్రేములు ఆ గ్రాఫులో ఎర్రగా కనిపిస్తాయి. సాగుదారుల దగ్గర ఉండే రకం ఫోను ఒకటి కొని ఆఫీసులో పెట్టుకోండి. దానికి పెట్టే డబ్బు ఏ సాఫ్ట్‌వేర్ చందాకంటే ముందు పెట్టవలసిన డబ్బు.

జవాబు (కావలి నుంచి)

పై జవాబు రాసిన అన్నగారికి నమస్కారం. నేను కావలిలో ఇంటి నుంచే డిజైన్ పనులు చేస్తాను. రైవ్ గురించి వారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. కాని డిజైనర్ చేతిలో ఇప్పటికే ఉన్న ఫిగ్మాను దాటి అంత త్వరగా ముందుకు వెళ్ళకూడదు.

ఫిగ్మాలోని స్మార్ట్ యానిమేట్ రెండు ఫ్రేముల్లో ఒకే పేరు, ఒకే వరుస ఉన్న లేయర్లను జతచేసి మధ్య కదలికను తానే నింపుతుంది. పేర్లు కలవకపోతే వస్తువు కదలదు, ఒకటి మాయమై మరొకటి వస్తుంది. చాలామంది ఫిగ్మాలో కదలిక సరిగా రాదని వదిలేయడానికి కారణం ఈ పేర్ల గందరగోళమే. లేయర్లకు పద్ధతిగా పేర్లు పెట్టండి, ప్రోటోటైప్‌ను ఫిగ్మా యాప్ ద్వారా ఫోనులోనే తెరిచి చూడండి. పెద్ద మానిటర్ మీద హుందాగా కనిపించిన కదలిక చేతిలోని చిన్న తెర మీద నత్తనడకగా అనిపించడం సాధారణం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఫిగ్మా ఫైలు యాప్‌లోకి వెళ్ళదు, నిజమే, కాని దానిలోని అంకెలు వెళతాయి. మీరు ఫిగ్మాలో సొంతంగా గీసిన ఈజింగ్ వంపుకు (కదలిక వేగం ఎలా మారాలో చెప్పే గీతకు) నాలుగు అంకెలు ఉంటాయి, ఫ్లట్టర్‌లోని క్యూబిక్ అనే వంపు కూడా అవే నాలుగు అంకెలు తీసుకుంటుంది. స్ప్రింగ్ కదలికకు ఫిగ్మా అడిగే స్టిఫ్‌నెస్ (బిగువు), డ్యాంపింగ్ (ఊపు తగ్గే తీరు), మాస్ (బరువు) అనే మూడు విలువలే ఫ్లట్టర్ స్ప్రింగ్ వివరణకూ కావాలి. అందుచేత డిజైనర్ వీడియో పంపడానికి బదులు ఏ వస్తువు, ఏ గుణం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మిల్లీసెకన్లు, ఏ వంపు అని ఒక పట్టికగా రాసి పంపితే, ప్రోగ్రామర్ ఊహించుకోవలసిన అవసరం ఉండదు. మా బృందంలో మాటల యుద్ధాలు తగ్గింది ఈ పట్టిక మొదలుపెట్టాకే.

మీరు చెప్పిన మిగతా పేర్లలో ప్రిన్సిపుల్ మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది కాబట్టి దాని ప్రస్తావన వదిలేయండి. జిట్టర్ ప్రచార వీడియోలకు, సామాజిక మాధ్యమాల పోస్టులకు హాయిగా ఉంటుంది, యాప్ లోపలి బటన్లకు దాని అవసరం రాదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు అడోబీ చెప్పే కనీస ర్యామ్ 16 జీబీ. మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌ల మీద దాన్ని నమ్ముకుంటే మీ డిజైనర్ రోజులో సగభాగం ప్రివ్యూ కోసం ఎదురుచూడడంతోనే గడిచిపోతుంది. ప్రోటోపై విండోస్‌లో నడుస్తుంది, షరతులతో కూడిన ప్రోటోటైప్‌ను ఫోనులో పెట్టి చూపించగలదు. కోడు రాయకముందే నలుగురు సాగుదారుల చేతికి ఇచ్చి ఏరేటర్ బటన్‌ను పరీక్షించాలనుకుంటే అది బాగా ఉపయోగపడుతుంది. ఆ పరీక్ష చేసే ఉద్దేశం లేకపోతే దాని జోలికి వెళ్ళనక్కరలేదు.

తెలుగు అక్షరాల గురించి ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైప్ ప్రిఫరెన్సుల కింద సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి. ఎంచుకున్నా, అక్షరం తరువాత అక్షరం కనిపించే ఎఫెక్టు వేస్తే 'రొయ్యలు' అన్న మాటలో యకారం, దాని కింది ఒత్తు వేరువేరుగా ఊడిపడే ప్రమాదం ఉంది. లాటీ ఫైలుగా మార్చినప్పుడు ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. కాబట్టి రైవ్ అయినా లాటీ అయినా బొమ్మ ఫైలులో తెలుగు మాట ఒక్కటి కూడా పెట్టకండి. మాటలన్నీ ఫ్లట్టరే గీయాలి, కదిలిస్తే పూర్తి మాటగా కదిలించాలి. కార్డు ఎత్తు పెరుగుతూ విచ్చుకునే చోట పంక్తి ఎత్తు కొంచెం ఎక్కువ ఇవ్వండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో మన 'స్థ్రూ' వంటి అక్షరాల పైభాగం, కింది ఒత్తులు తెగిపోతాయి.

జవాబు (అల్లూరు నుంచి)

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు, అల్లూరు వైపు గుంటల మీద టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఒక స్నేహితుడు ఈ చర్చను చూపిస్తే, వాడేవారి వైపు నుంచి కొన్ని మాటలు రాయాలనిపించింది.

డీఓ (నీటిలో కరిగిన ప్రాణవాయువు) అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. రాత్రంతా నీటిలోని నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది, ఎండ వచ్చేదాకా కొత్తగా తయారు కాదు. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగిందంటే మాకు నిద్ర ఉండదు. ఆ వేళ నిద్రకళ్ళతో, తెర వెలుతురు బాగా తగ్గించి, ఒక్కోసారి తడి చేత్తో ఫోను చూస్తాము. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే గట్టు మీద మోటారు తిరుగుతోందనే నమ్మి మళ్ళీ పడుకుంటాము. సిగ్నల్ పోయి పాత సమాచారమే ఉన్నా చక్రం తిరుగుతూ కనిపించే యాప్ మాకు ఉపకారం చేయడం లేదు, గుంటను పోగొడుతుంది. అందుకని చక్రం బొమ్మ కింద చివరి కబురు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చిందో పెద్ద అంకెల్లో రాయండి. కబురు పాతబడగానే చక్రం ఆగిపోయి రంగు మారాలి. రంగు ఒక్కటే మారితే మధ్యాహ్నపు ఎండలో తేడా తెలియదు, బొమ్మ ఆకారం కూడా మారాలి.

నీళ్ళు చిమ్మే దృశ్యం చూడముచ్చటగా ఉంటుందేమో గాని, పది గుంటలు ఉన్నవారి తెర మీద పది చక్రాలు ఒకేసారి నీళ్ళు చిమ్ముతుంటే ఏది ఆగిందో వెతుక్కోవలసి వస్తుంది. మాకు కావలసింది ఆగిపోయినది వెంటనే కంటపడడం. బాగా నడుస్తున్నవి నిశ్శబ్దంగా ఉండి, తేడా వచ్చినది మాత్రమే కదిలితే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. ఆ ఒక్కటి చేసిపెట్టినా మీకు రుణపడి ఉంటాము.

ప్రశ్న అడిగినవారి స్పందన (నెల్లూరు నుంచి)

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అల్లూరు అన్నగారు రాసింది చదివాక మా తెర మొత్తం తిరిగి ఆలోచించాము. గుంటల జాబితాలో చక్రాలన్నీ తీసేసి, ఒక గుంటను తెరిచినప్పుడే చక్రం కనిపించేలా మారుస్తున్నాము. జాబితాలో జవాబు రానిది, ఫేజు పోయినది మాత్రమే కదులుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఆలోచన మానుకున్నాము. ఫిగ్మాలో అంకెల పట్టిక, ఏరేటర్ బటన్ కోసం రైవ్, మిగిలినదంతా ఫ్లట్టర్ విడ్జెట్లు అని నిర్ణయించుకున్నాము.

రెండు సందేహాలు మిగిలాయి. రైవ్‌కు డబ్బు కట్టకముందు ఏమి చూసుకోవాలి? గుంట తెరిచి ఉంచినంతసేపూ చక్రం తిరుగుతుంటే బ్యాటరీ సంగతి ఏమిటి?

జవాబు (ఒంగోలు నుంచి)

మొదటిది. రైవ్ పథకాలు, వాటి షరతులు మారుతుంటాయి కాబట్టి మీరు కొనే రోజున ఉన్న షరతులనే చదవండి. ముఖ్యంగా ఫైలును యాప్‌లో వాడడానికి ఎగుమతి చేసే హక్కు ఏ పథకంలో ఉందో, చందా ఆపేసిన తరువాత పాత ఫైళ్ళను తెరిచి మార్చుకోవడానికి వీలవుతుందో లేదో చూసుకోండి. డబ్బు కట్టకముందే రైవ్ కమ్యూనిటీలో ఇతరులు పంచుకున్న ఫైలు ఒకటి తీసుకుని, స్టేట్ మెషిన్ ఉన్నదైతే మరీ మంచిది, మీ ఫ్లట్టర్ ప్రాజెక్టులో పెట్టి, ఆ తక్కువ ధర ఫోనులో ప్రొఫైల్ మోడ్‌లో నడిపించండి. రన్‌టైమ్ కలిపినందుకు యాప్ సైజు ఎంత పెరిగిందో కూడా అప్పుడే కొలవండి. గ్రాఫులో ఎర్ర గీతలు కనిపించకపోతే నిశ్చింతగా ముందుకు వెళ్ళవచ్చు.

రెండవది. చక్రం తిరుగుతున్నంతసేపూ ఫోను ప్రతి ఫ్రేమునూ కొత్తగా గీస్తూనే ఉంటుంది కనుక బ్యాటరీ తప్పకుండా ఖర్చవుతుంది. కబురు వచ్చినప్పుడు చక్రం మూడు నాలుగు సెకన్లు తిరిగి మెల్లగా నిలబడి, 'తిరుగుతోంది' అన్న మాట, ఆకుపచ్చ రంగు, చివరి కబురు సమయం మాత్రం అలాగే ఉండేలా చేయండి. దానంతట అది మొదలై 5 సెకన్లకు మించి సాగే కదలికను ఆపే వీలు ఇవ్వాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి, మీరు 5 సెకన్ల లోపే ముగిస్తే ఆ చిక్కు రాదు. చక్రాన్ని రీపెయింట్ బౌండరీ అనే విడ్జెట్ లోపల పెట్టండి, లేకపోతే అది కదిలినప్పుడల్లా దాని చుట్టూ ఉన్న రీడింగులు కూడా అనవసరంగా మళ్ళీ గీయబడతాయి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యానిమేషన్లు తొలగించుకున్నవారికి ఫ్లట్టర్‌లో ఫోను సెట్టింగులను తెలిపే మీడియా క్వెరీలోని డిజేబుల్ యానిమేషన్స్ విలువను చూసి, చక్రం తిప్పకుండా నేరుగా చివరి స్థితినే చూపించండి.

ఫేజు పోయినప్పటి కదలికను మాత్రం ఈ 5 సెకన్ల నియమంతో ముగించవద్దు. సాగుదారు నొక్కి 'చూశాను' అని చెప్పేదాకా అది నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉండాలి, ఆ నొక్కడమే దాన్ని ఆపే వీలు. సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదన్నది కూడా ఆ మార్గదర్శకాల్లోని నియమమే. మీ అవసరానికి రెండు సెకన్లకు ఒకసారి చాలు, నిద్రలేచిన కంటికి అదే బాగా అందుతుంది.